అమెరికా ప్రభుత్వంలో మూడు విభాగాలు: ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పెద్దవాళ్లకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: మేం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. మా దగ్గరి లైబ్రరీలో శనివారాలు పెద్దవాళ్లకు ఇంగ్లిష్ చెప్పే క్లాసులో వాలంటీరుగా చేస్తున్నాను. పద్నాలుగు మంది వస్తారు. సగం మంది పిల్లల దగ్గరికి వచ్చి గ్రీన్ కార్డు తీసుకున్న మన తెలుగువాళ్లు. మిగతావాళ్లు మెక్సికో, వియత్నాం నుంచి వచ్చినవాళ్లు. చాలామందికి పౌరసత్వ ఇంటర్వ్యూ దగ్గర పడుతోంది. చట్టాలు చేసేది, వాటిని అమలు చేసేది, తీర్పు చెప్పేది అని మూడు విభాగాల పాఠం చెప్పాను. 'లెజిస్లేటివ్, ఎగ్జిక్యూటివ్, జుడీషియల్' అని గడగడా అప్పజెబుతున్నారు. ప్రశ్న కాస్త తిప్పి అడిగితే మాత్రం బిక్కమొహం వేస్తున్నారు. ఒక అంకుల్ ప్రతి క్లాసులోనూ 'ఇంతకీ ఇక్కడ ప్రధానమంత్రి ఎవరమ్మా?' అంటారు. ఒక ఆంటీకి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదట. తెలుగులో చెప్పేద్దామంటే మిగతావాళ్లు ఏమనుకుంటారో అని సంకోచం. వార్తలు తెచ్చి చెబుదామంటే రాజకీయాల మీద గొడవ మొదలవుతోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఇర్వింగ్, టెక్సస్

సమాధానం: మీ క్లాసులో అందరికన్నా మంచి ప్రశ్న అడుగుతున్నది ఆ అంకులే. పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టండి.

మన పెద్దవాళ్లకు ప్రభుత్వం అంటే తెలియక కాదు ఈ ఇబ్బంది. నలభై యాభై ఏళ్లు ఓట్లేసినవాళ్లు, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవాళ్లు. వాళ్ల బుర్రలో ఒక ప్రభుత్వం ఇప్పటికే స్థిరంగా కూర్చుని ఉంది. అది ఢిల్లీ ప్రభుత్వం, హైదరాబాద్ ప్రభుత్వం. మీరు చెప్పే ప్రతి మాటా వెళ్లి దానికే అతుక్కుంటుంది. ప్రెసిడెంట్ అనగానే రాష్ట్రపతి గుర్తొస్తారు. రాష్ట్రపతి సంతకాలు పెడతారు, అసలు పని ప్రధానమంత్రి చేస్తారు అన్నది వాళ్ల అనుభవం. కాబట్టి ఇక్కడా ఎక్కడో ఒక ప్రధానమంత్రి ఉండి తీరాలి. ఆయన ఎవరో మీరు చెప్పడం లేదు. అందుకే ఆ అంకుల్ వారం వారం అడుగుతున్నారు.

ఆయనకు చెప్పాల్సింది ఒక్కటే. ఇక్కడ ప్రధానమంత్రి లేరు, ఎందుకంటే ప్రభుత్వాన్ని నడిపేవాళ్లు చట్టసభలో కూర్చోరు. మన దగ్గర మంత్రి కావాలంటే ఎంపీనో ఎమ్మెల్యేనో ఎమ్మెల్సీనో అయి ఉండాలి. కాకపోతే ఆరు నెలల్లో కావాలి. ఇక్కడ సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఇక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్‌లో సభ్యుడిగా ఉండగా ప్రెసిడెంట్ కేబినెట్‌లో చేరడానికి వీల్లేదు. ఫ్లోరిడా సెనేటరుగా ఉన్న మార్కో రూబియో 2025 జనవరిలో విదేశాంగ మంత్రి కావడానికి సెనేట్ సీటు వదులుకోవాల్సి వచ్చింది. ప్రెసిడెంట్ కాంగ్రెస్‌కు వెళ్లేది కూడా పిలిస్తేనే. ప్రసంగం చేసి వచ్చేస్తారు. ప్రశ్నోత్తరాల సమయంలో ప్రతిపక్షానికి జవాబు చెప్పుకునే పని ఆయనకు లేదు. బిల్లు ప్రవేశపెట్టాలన్నా ఆయన చేతుల్లో లేదు, ఎవరో ఒక సభ్యుడు ప్రవేశపెట్టాలి.

ఇది బోర్డు మీద రాస్తే ఎక్కదు. 1999 ఏప్రిల్ గుర్తు చేయండి. వాజ్‌పేయి ప్రభుత్వం లోక్‌సభలో ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. మీ క్లాసులో అరవై దాటిన తెలుగువాళ్లలో అది గుర్తులేనివాళ్లు ఉండరు. 'మరి ఇక్కడ కాంగ్రెస్‌లో ప్రెసిడెంట్ కోరుకున్న బిల్లు ఒక్క ఓటుతో ఓడిపోతే ఏమవుతుంది?' అని అడగండి. 'ప్రభుత్వం పడిపోతుంది' అంటారు. పడిపోదు. ప్రెసిడెంట్ నాలుగేళ్లూ ఉంటారు. బడ్జెట్ మీద పేచీ వస్తే మన దగ్గర ప్రభుత్వం రాజీనామా చేయాలి, ఇక్కడ ప్రెసిడెంట్ కుర్చీలోనే ఉంటారు, ఉద్యోగుల జీతాలు ఆగిపోతాయి. 2018 డిసెంబరు నుంచి 2019 జనవరి దాకా 35 రోజులు అదే జరిగింది. ఎయిర్‌పోర్టుల్లో సెక్యూరిటీ సిబ్బంది జీతం లేకుండా పని చేశారు. డబ్బు తాళం కాంగ్రెస్ దగ్గర, ఆ డబ్బుతో పని చేయించేది ప్రెసిడెంట్. ఒకరు రెండోవాళ్లను ఇంటికి పంపలేరు. కాంగ్రెస్ ప్రెసిడెంట్‌ను దించాలంటే అభిశంసన ఒక్కటే దారి. కాంగ్రెస్‌లో దిగువ సభ అయిన హౌస్ అభియోగం మోపాలి, ఎగువ సభ అయిన సెనేట్‌లో మూడింట రెండు వంతుల మంది దోషి అనాలి. 1868లో ఆండ్రూ జాన్సన్, 1998లో క్లింటన్, 2019లోనూ 2021లోనూ ట్రంప్, ఇన్నిసార్లు హౌస్ అభియోగం మోపినా సెనేట్ ఒక్కరినీ దించలేదు.

ఈ తేడా మనసుకు పట్టిందంటే మీ పాఠం ముప్పాతిక అయిపోయినట్టే. మూడు పేర్లు ఆ తర్వాత వాటంతట అవే వస్తాయి.

ఇంకో రెండు చోట్ల మనవాళ్లు తడబడతారు. మొదటిది కాంగ్రెస్. మనకు కాంగ్రెస్ అంటే పార్టీ. 'కాంగ్రెస్ మేక్స్ లాస్' అని మీరు చెబితే, 'ఓహో, ఇక్కడ కూడా కాంగ్రెస్సే అధికారంలో ఉందన్నమాట' అని లోపల అనుకునేవాళ్లు నిజంగానే ఉంటారు. అడగడానికి మొహమాటపడి ఊరుకుంటారు. మొదటి రోజే చెప్పేయండి: ఇక్కడ కాంగ్రెస్ అంటే పార్లమెంటు, దానిలో రెండు పార్టీలవాళ్లూ ఉంటారు.

రెండోది గవర్నర్. దీనికి 1984 చాలు. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన ఎన్టీఆర్‌ను ఆగస్టులో గవర్నర్ రాంలాల్ పదవి నుంచి తొలగించారు. జనం రోడ్ల మీదికి వచ్చారు, సెప్టెంబరులో ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. కేంద్రం పంపిన గవర్నర్ అంటే ఎవరో వాళ్లకు మీరు చెప్పక్కర్లేదు. టెక్సస్ గవర్నర్‌ను ఎవరూ పంపరు. రాష్ట్రం జనమే ఓటేసి ఎన్నుకుంటారు, ప్రెసిడెంట్ ఆయన్ను తీసేయలేరు. అంటే మన ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చునేది ఇక్కడ గవర్నర్. టెక్సస్ రాజధాని ఆస్టిన్‌లో ఆయన ఎగ్జిక్యూటివ్, అక్కడి అసెంబ్లీ లెజిస్లేటివ్, రాష్ట్ర కోర్టులు జుడీషియల్. వాషింగ్టన్‌లో ఉన్న మూడూ ఆస్టిన్‌లోనూ ఉన్నాయని చూపిస్తే పాఠం రెండోసారి చెప్పినట్టూ అవుతుంది, విసుగూ ఉండదు.

తేడాలే కాదు, కలిసే చోట్లు కూడా ఉన్నాయి. వాటిని వదులుకోకండి, పెద్దవాళ్లకు ధైర్యం అక్కడే వస్తుంది. సెనేటర్ పదవీకాలం ఆరేళ్లు, రాజ్యసభ సభ్యుడిదీ ఆరేళ్లే. రెండేళ్లకోసారి మూడో వంతు సీట్లకు ఎన్నిక, రెండు చోట్లా అంతే. వెంకయ్యనాయుడు గారు ఉపరాష్ట్రపతిగా రాజ్యసభను నడిపించడం వాళ్లు టీవీలో చూశారు. ఇక్కడ సెనేట్‌కు అధ్యక్షత వహించేది వైస్ ప్రెసిడెంట్, సమానంగా ఓట్లు పడితే ఆయన ఓటు వేస్తారు. హౌస్ సభ్యులు 435 మంది, జనాభాను బట్టి సీట్లు, మన లోక్‌సభ లాగే. టెక్సస్‌కు 38 సీట్లు. సెనేట్‌లో మాత్రం చిన్న రాష్ట్రానికైనా పెద్ద రాష్ట్రానికైనా ఇద్దరే, మొత్తం 100. రాజ్యసభలో అలా లేదు, ఆంధ్రకు 11, తెలంగాణకు 7. దీని మీద మీ తెలుగు విద్యార్థులు తప్పకుండా వాదిస్తారు. వాదించనివ్వండి, ఇంగ్లిష్‌లో వాదించమనండి.

సుప్రీంకోర్టు సంగతి తేలిక. తొమ్మిది మంది జడ్జీలు, ప్రెసిడెంట్ ఎంపిక చేస్తారు, సెనేట్ ఒప్పుకోవాలి, జీవితాంతం పదవి. మన ఎన్.వి. రమణ గారు ప్రధాన న్యాయమూర్తిగా 2022 ఆగస్టులో 65 ఏళ్లకు రిటైరయ్యారని గుర్తు చేస్తే ఆ 'జీవితాంతం' అన్నది మర్చిపోరు. 'జుడీషియల్' అనే మాట కూడా వాళ్లకు కొత్తది కాదు, పేపర్లో జ్యుడీషియల్ రిమాండ్ అని వందసార్లు చదివినవాళ్లే.

ఇదంతా తెలుగులో చెప్పాలా ఇంగ్లిష్‌లో చెప్పాలా అన్నారు. వాజ్‌పేయి, ఎన్టీఆర్ కబుర్లు తెలుగులోనే చెప్పండి, కానీ క్లాసు మొదలవకముందు పది పదిహేను నిమిషాలు తెలుగువాళ్లను ముందుగా రమ్మని చెప్పండి. అందరూ ఉన్నప్పుడు తెలుగు మాట్లాడితే మెక్సికో ఆవిడ ఫోను చూసుకుంటూ కూర్చుంటుంది, అది న్యాయం కాదు. అసలు ఈ పాఠంలో ఆమె మీకు పెద్ద సాయం. మెక్సికోలో కూడా ప్రెసిడెంటే ప్రభుత్వాన్ని నడుపుతారు, సెనేట్ ఉంది, ప్రధానమంత్రి లేరు. ఆమెకు ఈ ఏర్పాటు కొత్త కాదు, అక్కడి ప్రెసిడెంట్‌కు ఆరేళ్లు ఒక్కసారే అవకాశం, ఇక్కడ నాలుగేళ్ల చొప్పున రెండుసార్లు ఎన్నిక కావచ్చు, అంతే తేడా. వియత్నాం వాళ్ల అనుభవం వేరు, అక్కడ ఒకటే పార్టీ. ఒక విభాగం ఇంకో విభాగానికి అడ్డు చెప్పడం ఏమిటన్నది వాళ్లకు కొంచెం ఓపిగ్గా చూపించాలి. ముగ్గురినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి 'మీ దేశంలో చట్టం ఎవరు చేస్తారు? ఎవరు ఆపగలరు?' అని ఒకరినొకరు అడగమంటే ఇంగ్లిష్‌కు ఇంగ్లిషూ అయింది, పాఠానికి పాఠమూ అయింది.

ఇక చేసి చూపించే పని. మీకు పద్నాలుగు మంది ఉన్నారు, సరిగ్గా సరిపోతారు. ఏడుగురిని హౌస్‌గా, ఐదుగురిని సెనేట్‌గా కూర్చోబెట్టండి. ఒకరు ప్రెసిడెంట్, ఒకరు జడ్జి. ఈ లెక్కకు కారణం ఉంది. ప్రెసిడెంట్ బిల్లును తిప్పికొడితే (అదే వీటో), దాన్ని దాటి చట్టం చేయడానికి రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. ఏడుగురిలో మెజారిటీ నలుగురు, మూడింట రెండు వంతులంటే ఐదుగురు. ఐదుగురిలో మెజారిటీ ముగ్గురు, రెండు వంతులంటే నలుగురు. అదే ఆరుగురిని కూర్చోబెడితే రెండు లెక్కలూ నలుగురి దగ్గరే ఆగుతాయి, వీటో పాఠం అక్కడే చతికిలబడుతుంది. ఎవరైనా రాని రోజు ఈ అంకెలు చూసుకుని సర్దుకోండి.

ముందుగా గోడ మీద ఒక కాగితం అంటించి 'క్లాస్ కాన్‌స్టిట్యూషన్' అని రాయండి. రెండు వాక్యాలు చాలు: 'ఎవ్రీ స్టూడెంట్ కెన్ స్పీక్.' 'క్లాస్ ఈజ్ ఫ్రీ.' తర్వాత హౌస్‌లో ఒకరి చేతికి ఒక పసుపు కాగితం ఇచ్చి బిల్లు రాయమనండి. 'క్లాసు గంట ముందే అయిపోవాలి' లాంటిది రాస్తారు, తప్పకుండా. ఓటింగ్ పెట్టండి. నాలుగు, మూడు. కాగితం సెనేట్ బల్లకు వెళ్తుంది. మూడు, రెండు. అక్కడి నుంచి ప్రెసిడెంట్ దగ్గరికి. ఆ ప్రెసిడెంట్ మీ అంకులే అయితే ఇంకా మంచిది. ఆయన 'ఐ వీటో దిస్ బిల్' అని గట్టిగా అనాలి. కాగితం మళ్లీ హౌస్‌కు వస్తుంది. ఇప్పుడు ఐదుగురు కావాలి, ఉన్నది నలుగురే. ఆ ఐదో మనిషిని ఒప్పించడానికి ఆ బల్ల దగ్గర ఎంత ఇంగ్లిష్ మాట్లాడతారో మీరే చూస్తారు. ఏ వర్క్‌షీటూ అంత మాట్లాడించదు.

రెండో బిల్లు మీరే ఇవ్వండి: 'ఎవ్రీ స్టూడెంట్ మస్ట్ పే ఫైవ్ డాలర్స్.' దాన్ని ఎలాగోలా పాస్ చేయించండి, ప్రెసిడెంట్ చేత సంతకం పెట్టించండి. చట్టం అయిపోయింది. అప్పుడు ఒకరు లేచి జడ్జి దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేయాలి. కోర్టు తనంతట తాను లేచి వచ్చి చట్టం కొట్టేయదు, ఎవరో ఒకరు కేసు వేయాలి. ఈ ఒక్క సంగతి చాలా పాఠాల్లో జారిపోతుంది, మీరు వదలొద్దు. జడ్జి గోడ మీద కాగితం చదివి, 'దిస్ లా ఈజ్ అగైన్‌స్ట్ ద కాన్‌స్టిట్యూషన్' అంటారు. సుప్రీంకోర్టు 1803లో మార్బరీ వర్సెస్ మాడిసన్ కేసులో చేసిందదే. కేసు పేరు బట్టీ పట్టించకండి, ఆ వాక్యం నోట్లో తిరిగితే చాలు.

ప్రశ్న తిప్పి అడిగితే తడబడుతున్నారన్నారు కదా, మందు ఇందులోనే ఉంది. మీరు పేర్లు నేర్పారు, పరీక్షలో ఎక్కువగా అడిగేది పనులు. 'హూ మేక్స్ ఫెడరల్ లాస్?' 'హూ సైన్స్ బిల్స్?' 'హూ వీటోస్ బిల్స్?' 'వాట్ డజ్ ద జుడీషియల్ బ్రాంచ్ డూ?' మేక్, సైన్, వీటో, డిసైడ్. ఈ నాలుగు క్రియలు ఎవరివో తెలిసినవాళ్లు ప్రశ్న ఎటు నుంచి వచ్చినా పట్టుకుంటారు. జవాబు మూడు మాటల పూర్తి వాక్యంగా చెప్పించండి: 'కాంగ్రెస్ మేక్స్ లాస్.' అలా అలవాటైతే చదివే పరీక్షకూ రాసే పరీక్షకూ కూడా పనికొస్తుంది, ఆ రెంటికీ కావలసిన పదాల జాబితా పౌరసత్వ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌లోనే ఉంది. మూడు విభాగాలు ఎందుకు అనే ప్రశ్న కూడా వస్తుంది. ఒక్కరి చేతిలోకే అధికారమంతా పోకుండా. బిల్లు ఆట ఆడినవాళ్లకు దీన్ని బట్టీ పట్టించక్కర్లేదు.

ఆంటీ టెన్షన్ గురించి. ముందు ఆవిడ ఏ పరీక్ష రాయాలో తేల్చండి. 2025 అక్టోబరు 20న కానీ ఆ తర్వాత కానీ దరఖాస్తు పెట్టినవాళ్లకు కొత్త పరీక్ష: 128 ప్రశ్నల జాబితా, 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. అంతకు ముందు పెట్టినవాళ్లకు పాతదే: 100 ప్రశ్నలు, 10 దాకా అడుగుతారు, 6 చెప్పాలి. తప్పు జాబితా చదువుతూ కూర్చున్నవాళ్లు ఉంటారు, దరఖాస్తు రసీదు మీద తేదీ చూడండి. 55 ఏళ్లు నిండి గ్రీన్ కార్డుతో 15 ఏళ్లు ఉన్నవాళ్లకు, 50 నిండి 20 ఏళ్లు ఉన్నవాళ్లకు ఇంగ్లిష్ పరీక్ష లేదు, సివిక్స్ (ప్రభుత్వం, చరిత్ర) ప్రశ్నలకు దుబాసీతో తెలుగులో జవాబు చెప్పొచ్చు. 65 నిండి 20 ఏళ్లు ఉన్నవాళ్లకు 20 ప్రశ్నల చిన్న జాబితా చాలు. మన పెద్దవాళ్లలో చాలామంది అరవై దాటాక వచ్చి ఐదేళ్లకే దరఖాస్తు పెడతారు కాబట్టి ఇవేవీ వర్తించవు. వయసు ఒక్కటే చూసి మినహాయింపు ఉందని ఎవరో చెబితే నమ్మి ప్రిపరేషన్ మానేయడం మాత్రం వద్దు. పరీక్ష పోయినా దరఖాస్తు అక్కడితో పోదు. 60 నుంచి 90 రోజుల్లోపు మళ్లీ పిలుస్తారు, తప్పిన భాగం మాత్రమే మళ్లీ పెడతారు. ఈ మాట ఆవిడకు తెలుగులో, ఆవిడ కొడుకో కోడలో పక్కన ఉండగా చెప్పండి. సగం టెన్షన్ ఇంట్లోనే పుడుతుంది, 'ఇంకా రాలేదా అత్తయ్యా' అని రోజూ అడిగేవాళ్లు కాస్త తగ్గితే ఆవిడకు నిద్ర పడుతుంది.

వార్తల గొడవకు నేను వాడే పద్ధతి ఒకటి చెబుతాను. హెడ్‌లైన్ తెండి, కానీ మంచిదా చెడ్డదా అని అడగొద్దు. 'ఏ విభాగం చేసింది? ఎవరు ఆపగలరు?' ఈ రెండే ప్రశ్నలు. స్టూడెంట్ లోన్ల సంగతి తీసుకోండి, ఇది చాలా ఇళ్లలో తెలిసిన కథే. బైడెన్ ప్రభుత్వం 2022లో చదువు అప్పులు కొంత మాఫీ చేస్తామంది. కొన్ని రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కాంగ్రెస్ చేసిన చట్టం ప్రభుత్వానికి అంత అధికారం ఇవ్వలేదన్నది కారణం. మూడు విభాగాలూ ఆ ఒక్క కథలో ఉన్నాయి. మాఫీ కావాలన్నవాళ్లూ వద్దన్నవాళ్లూ ఈ రెండు ప్రశ్నలకు మాత్రం ఒకే జవాబు చెబుతారు. ఎవరైనా 'అయినా ఆ పార్టీవాళ్లు...' అని మొదలుపెడితే, 'అంకుల్, ఏ బ్రాంచ్?' అని నవ్వుతూ దారికి తెచ్చేయండి.

చివరగా పేర్ల సంగతి. ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్, హౌస్ స్పీకర్, మీ రాష్ట్ర సెనేటర్, మీ నియోజకవర్గ ప్రతినిధి, గవర్నర్. ఇంటర్వ్యూ రోజున ఎవరు పదవిలో ఉన్నారో వాళ్ల పేరే చెప్పాలి. సరి సంవత్సరం నవంబరులో హౌస్ మొత్తానికి ఎన్నికలు జరుగుతాయి, కొత్త కాంగ్రెస్ జనవరి 3న మొదలవుతుంది. అందుకని ఆ చలికాలంలో ఇంటర్వ్యూ ఉన్నవాళ్ల చేత నిరుడు రాసిన నోట్సు పక్కన పెట్టించి, వెళ్లే ముందు వారం యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌లో పేర్లు చూపించండి. ఒకే క్లాసులో ఉన్నా ఇర్వింగ్ వాళ్లకూ పక్క ఊరి నుంచి వచ్చేవాళ్లకూ హౌస్ ప్రతినిధి వేరు కావచ్చు, ఎవరి జిప్ కోడ్ వాళ్లే కొట్టి చూసుకోమనండి.